చాప్లెయిన్ హెల్మెట్ కొనేముందు: ఎం-1 సేకరణకీ పరిశోధనకీ ఒక మార్గదర్శి

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో సైనికులు పెట్టుకునే ఎం-1 స్టీల్ హెల్మెట్లు రెండు కోట్లకు పైగా తయారయ్యాయి. అదే యుద్ధంలో ఆ దేశ సైన్యంలో చాప్లెయిన్లుగా పనిచేసినవాళ్ళు తొమ్మిది వేల పైచిలుకు. చాప్లెయిన్ అంటే యూనిట్‌తో పాటే తిరిగే మతగురువు. ప్రార్థనలు జరపడం, గాయపడ్డవాళ్ళ పక్కన ఉండడం, పోయినవాళ్ళని సాగనంపడం, వాళ్ళ ఇళ్ళకి ఉత్తరాలు రాయడం ఆయన పని. తుపాకీ పట్టడు. ఆయన ఎవరో దూరం నుంచే తెలిసేలా కొందరు హెల్మెట్ ముందుభాగంలో తెల్ల సిలువ వేయించుకున్నారు, కొందరు ఆ జోలికే పోలేదు.

ఈ లెక్క చూస్తే సంతలో ఉన్న చిక్కేమిటో అర్థమైపోతుంది. పాత ఎం-1 ఇప్పటికీ సులువుగానే దొరుకుతుంది, తెల్ల పెయింట్ డబ్బా ఇంకా సులువుగా దొరుకుతుంది. ఆ రెండూ కలిస్తే మామూలు హెల్మెట్ ధర కొన్ని రెట్లు పెరుగుతుంది. అందుకే సిలువ ఉన్న హెల్మెట్ ఏది చేతికొచ్చినా, నకిలీ కాదని తేలేదాకా నకిలీ కిందే లెక్కేస్తాను. అది తేల్చడానికి పెయింట్ ఒక్కటే చాలదు. ఒక పేరు, ఆ పేరుని హెల్మెట్‌తో కలిపే కాగితమో ఫోటోనో ఉండాలి. ఈ వ్యాసమంతా ఆ పేరు దాకా ఎలా వెళ్ళాలన్నదే.

ముందు గుర్తుల సంగతి

క్రైస్తవ చాప్లెయిన్ గుర్తు లాటిన్ సిలువ. నిలువు గీత పొడుగ్గా, అడ్డగీత పైకి ఉంటుంది. అమెరికా ఆర్మీ దీన్ని 1898 నుంచి వాడుతోంది. అంతకుముందు గుర్తు గొర్రెల కాపరి చేతికర్ర. యూదు చాప్లెయిన్లకి 1918లో వేరే గుర్తు వచ్చింది: పది ఆజ్ఞల పలకలు రెండు, వాటిపైన ఆరు కోణాల దావీదు నక్షత్రం. ఆ పలకల మీద అంకెలు మొదట్లో రోమన్‌లో ఉండేవి, 1981లో హీబ్రూ అక్షరాలకి మారాయి. కాబట్టి 1944 నాటిదని చెప్పే హెల్మెట్ మీద హీబ్రూ అక్షరాలున్న పలకలు కనిపిస్తే ఇక పెయింట్ పరీక్షతో పనిలేదు, దండం పెట్టి వచ్చేయొచ్చు. ఆ యుద్ధంలో కమిషన్ పొందిన యూదు చాప్లెయిన్లు 311 మంది మాత్రమే. వాళ్ళ హెల్మెట్లు అంత అరుదు కాబట్టే నకిలీలు అంత ఎక్కువ.

బౌద్ధుల ధర్మచక్రం 1990లో, ముస్లింల నెలవంక 1993లో, హిందువుల ఓంకారం 2011లో వచ్చాయి. ఓంకారం గుర్తుతో మొదట చేరినవారు కెప్టెన్ ప్రతిమా ధర్మ్. ఇవన్నీ ఎం-1 రోజులు అయిపోయాక వచ్చినవే. ఎం-1 మీద ఓంకారం ఉంటే అది ఎవరో సరదాకి వేసుకున్నదే.

కొత్తవాళ్ళు తరచుగా పొరబడేది ఇంకొకటుంది. తెల్ల వృత్తంలో ఎర్ర సిలువ, నాలుగు చేతులూ సమానంగా ఉంటే అది వైద్య సిబ్బందిది. 1929 జెనీవా ఒప్పందం చాప్లెయిన్లకీ రక్షణ ఇచ్చింది, అందుకే కొందరు చాప్లెయిన్లు ఎడమ చేతికి రెడ్‌క్రాస్ పట్టీ కట్టుకున్న ఫోటోలు కనిపిస్తాయి. అంతమాత్రాన ఎర్ర సిలువ హెల్మెట్ చాప్లెయిన్‌ది అయిపోదు. అమ్మేవాళ్ళు మాత్రం ఈ రెండింటినీ హాయిగా కలిపేస్తుంటారు.

హెల్మెట్‌కి వేసే సిలువ విషయంలో ఒకే కొలత, ఒకే పద్ధతి కనిపించవు. స్టెన్సిల్ పెట్టి వేసినవి ఉన్నాయి, బ్రష్‌తో చేత్తో వేసినవి ఉన్నాయి, కాలర్ మీద పెట్టుకునే లోహపు బ్యాడ్జీనే తెచ్చి ముందుభాగంలో బిగించినవి ఉన్నాయి. బయటి స్టీల్ చిప్ప ఖాళీగా ఉండి, లోపలి లైనర్ మీద మాత్రమే సిలువ ఉన్నవీ ఉన్నాయి. అందువల్ల సైజు తేడాగా ఉందనో, గీత వంకరగా ఉందనో దేన్నీ తోసిపుచ్చకండి. అచ్చు గుద్దినట్టు నీటుగా ఉన్నదాన్నే నేను ఎక్కువ అనుమానిస్తాను.

సిలువని పక్కనపెట్టి హెల్మెట్ చదవండి

చేతికి రాగానే చూపు సిలువ మీదికే పోతుంది. ఆపుకోండి. బోర్లా ఉన్నదాన్ని తిరగేసి లోపలి నుంచి మొదలుపెట్టండి.

ముందు అంచు లోపలివైపు టార్చ్ వేసి చూస్తే అంకెలు, వాటి పక్కన ఒక అక్షరం నొక్కి ఉంటాయి. దీన్ని సేకర్తలు హీట్ స్టాంప్ అంటారు. ఏ ఉక్కు పోతలోంచి ఆ చిప్ప వచ్చిందో చెప్పే గుర్తు ఇది. యుద్ధకాలంలో ఎం-1 చిప్పలు రెండు కంపెనీలే చేశాయి. అత్యధిక భాగం డెట్రాయిట్‌లోని మెకార్డ్ రేడియేటర్ కంపెనీవి. 1943 నుంచి సెయింట్ లూయిస్‌లోని ష్లూటర్ కంపెనీ కూడా చేసింది, దాని స్టాంప్‌లో ఎస్ అక్షరం ఉంటుంది. ఈ అంకెల్ని బట్టి సుమారు ఏ నెలలో చేశారో చెప్పే పట్టికలు సేకర్తల దగ్గర ఉంటాయి. వాటిని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

తర్వాత అంచు చుట్టూ ఉన్న స్టీల్ పట్టీ. దాని రెండు చివరలు కలిసే అతుకు 1944 చివరిదాకా ముందువైపు ఉండేది, ఆ తర్వాత వెనక్కి వెళ్ళింది. దాదాపు అదే సమయంలో పట్టీ లోహం కూడా మారింది. అంతకుముందు స్టెయిన్‌లెస్ స్టీల్ వాడేవాళ్ళు, దాని మీద పెయింట్ సరిగా నిలిచేది కాదు. కాబట్టి పాత హెల్మెట్లలో అంచు దగ్గర పెయింట్ ఊడిపోయి మెరుస్తూ ఉండడం సహజం. గడ్డం పట్టీ తగిలించే కొక్కేలు చూడండి. 1943 చివర్లోగా చేసిన వాటిలో అవి కదలకుండా వెల్డింగ్ చేసి ఉంటాయి, తర్వాతి వాటిలో అటూఇటూ తిరుగుతాయి. కదలని కొక్కెం కింద పడితే విరిగిపోయేది, అందుకే మార్చారు.

ఇప్పుడు అమ్మేవాడు చెప్పే కథని ఈ వివరాల పక్కన పెట్టండి. "1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన ఫాదర్‌గారిది" అంటాడు. అతుకు వెనకవైపు ఉంటుంది. అంటే ఆ హెల్మెట్ ఆ రోజుకి ఇంకా పుట్టనే లేదు. ఇలాంటి కథలు సగం ఈ ఒక్క చూపుతోనే తేలిపోతాయి, లెన్సులూ ల్యాబులూ అక్కర్లేదు.

అయస్కాంతం ఒకటి జేబులో ఉంచుకోండి. ఎం-1 చిప్ప హాడ్‌ఫీల్డ్ మాంగనీస్ ఉక్కుతో చేసింది. దానికి అయస్కాంతం దాదాపు అంటుకోదు. యుద్ధం తర్వాత యూరప్ దేశాలు అదే ఆకారంలో సొంత హెల్మెట్లు చేసుకున్నాయి, వాటిలో చాలావాటికి గట్టిగా అంటుకుంటుంది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు కాబట్టి వాటి మీద సిలువ వేసి అమ్మడం బాగా నడుస్తున్న వ్యాపారం.

బయటి గరుకుతనం కూడా సాక్ష్యమే. యుద్ధకాలంలో మెరుపు తగ్గించడానికి పెయింట్‌లో కార్క్ పొడి కలిపేవారు. లెన్స్ కింద అది మెత్తగా, ఒక్కో రేణువు ఒక్కో రకంగా కనిపిస్తుంది. తర్వాతి కాలంలో మళ్ళీ పెయింట్ చేసినవాటిలో ఇసుకలాంటి గట్టి రేణువులు మెరుస్తాయి. గడ్డం పట్టీలు యుద్ధకాలంలో కొక్కేలకి కుట్టేసి ఉండేవి, తగిలించి తీసేసే క్లిప్పుల పట్టీలు తర్వాతివి. పట్టీలు చిరిగిపోతే సైన్యమే మార్చేది. కాబట్టి పట్టీ కొత్తదైనంత మాత్రాన హెల్మెట్ కొత్తది అనుకోనక్కర్లేదు.

లైనర్ విడిగా వచ్చే భాగం, ఇట్టే మార్చేయొచ్చు. అందుకే దాని గురించి ఎక్కువ చెప్పను. మొదటి రకం హాలీ కంపెనీ చేసిన అట్టలాంటి లైనర్, పైన గుడ్డ అంటించి ఉంటుంది. తర్వాత వెస్టింగ్‌హౌస్, ఫైర్‌స్టోన్, ఇన్లాండ్, మైన్ సేఫ్టీ అప్లయన్సెస్, కాపాక్ లాంటి కంపెనీలు రెసిన్ కలిపిన గుడ్డతో చేశాయి. పేరో గుర్తో లోపల పైభాగంలో అచ్చు పడి ఉంటుంది. ముందువైపు బ్యాడ్జీ పెట్టుకోడానికి చిన్న రంధ్రం ఉంటుంది. లోహపు సిలువ బిగించి ఉంటే అది ఈ రంధ్రంలోంచే వచ్చిందా, కొత్తగా డ్రిల్ చేశారా చూడండి. కొత్త రంధ్రం అంచుల్లో గుడ్డపోగులు తెల్లగా, శుభ్రంగా ఉంటాయి.

ఒక హెచ్చరిక. పారాట్రూపర్ల ఎం-2 హెల్మెట్‌కి ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో కొక్కేలుంటాయి. ఎం-1 రకాలన్నిట్లో నకిలీలు అత్యధికంగా ఉన్నది దానికే. దాని మీద సిలువ కూడా ఉందంటే నకిలీకి నకిలీ తోడైనట్టు. 501వ పారాచూట్ రెజిమెంట్ చాప్లెయిన్ ఫ్రాన్సిస్ శాంప్సన్ నార్మండీలో నీళ్ళలో దిగి, మునిగి మరీ తన పూజాసామగ్రి వెతికి తీసుకున్నారు. 1967లో మొత్తం ఆర్మీకే చీఫ్ ఆఫ్ చాప్లెయిన్స్ అయ్యారు. అలాంటివాళ్ళ పేరు చెప్పి హెల్మెట్ అమ్మజూపితే, కుటుంబం నుంచి చేతులు మారిన ప్రతి మెట్టుకీ కాగితం అడగండి. లేదంటే కదలండి.

ఇప్పుడు సిలువ

పగటి వెలుతురులో, హెల్మెట్‌ని కిటికీ పక్కన పెట్టి, వెలుగు ఏటవాలుగా పడేలా తిప్పండి. పది రెట్లు పెద్దది చేసి చూపే లెన్స్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

మొదట చూడాల్సింది గీతలు. నిజంగా వాడిన హెల్మెట్ మీద గీతలు ఆకుపచ్చ పెయింట్ మీదా సిలువ మీదా ఆగకుండా ఒకే వరసలో పోతాయి. సిలువ అంచు దగ్గరికొచ్చి గీత మాయమైపోయి, అవతలివైపు మళ్ళీ మొదలైతే, ఆ గీత పడ్డ తర్వాతే సిలువ వేశారన్నమాట. అలాగే తెల్ల పెయింట్ తుప్పు గుంటల్లోకి దిగిందా చూడండి. తుప్పు పట్టడానికి ఏళ్ళు పట్టాలి కదా. దాని మీద పెయింట్ కూర్చుందంటే, యుద్ధం అయిపోయిన చాలాకాలానికి వేసిందనే ఎక్కువగా అనుకోవాలి.

రెండోది అరుగుదల ఎక్కడుంది అన్నది. చేత్తో తయారుచేసిన అరుగుదల అంతటా సమానంగా ఉంటుంది, గరుకు కాగితం తిప్పిన వరస కనిపిస్తుంది. నిజమైన అరుగుదలకి కారణాలుంటాయి: నేల మీద బోర్లా పెట్టడం వల్ల అంచు, దొర్లడం వల్ల నడినెత్తి, తీసి పెట్టుకునేటప్పుడు వేళ్ళు పడే ముందుభాగం. సిలువ కింది చేయి వేళ్ళు తగిలే చోటే ఉంటుంది. అది మిగతా మూడు చేతులకన్నా చెక్కుచెదరకుండా ఉంటే నాకు నచ్చదు. కార్క్ రేణువుల శిఖరాల మీద తెలుపు పోయి, మధ్య పల్లాల్లో మిగిలి, ఆ పల్లాల్లో మట్టి పేరుకుని ఉండాలి.

మూడోది తెలుపు రంగు తీరు. పాత ఎనామెల్ పసుపుబారుతుంది, సన్నగా బీటలిస్తుంది. ఓవెన్‌లో పెట్టి బీటలు తెప్పించేవాళ్ళు, టీ డికాషన్ పూసి పసుపు తెచ్చేవాళ్ళు ఉన్నారని గుర్తుంచుకోండి. డికాషన్ పూస్తే రంగు పల్లాల్లోకీ అంచుల్లోకీ చేరి చుక్కలుగా నిలుస్తుంది.

చీకటి గదిలో యూవీ టార్చ్ వేసి చూడడం మంచి అలవాటే, కానీ దాని తీర్పుకి హద్దులున్నాయి. గడ్డం పట్టీ కుట్టిన దారం నీలంగా వెలిగిపోతే ఆ దారం యుద్ధం తర్వాతిది. గుడ్డకి తెల్లదనం పెంచే రసాయనాల వాడకం పెరిగింది ఆ తర్వాతే. సిలువ పెయింట్ విషయంలో మాత్రం వెలగలేదు కాబట్టి పాతదని ధీమా పడకండి. పాత డబ్బా పెయింట్ సంపాదించి వేసేవాళ్ళకి ఈ పరీక్ష ఒక లెక్కా? బాగా ఖరీదైనది కొంటుంటే ల్యాబ్‌లో ఎక్స్‌రే పద్ధతిలో పెయింట్‌లో సీసం, జింక్, టైటానియం ఎంతెంత ఉన్నాయో చూపించుకోవచ్చు. దానికి పెయింట్ గీకాల్సిన పనిలేదు.

దూదికి అసిటోన్ అద్ది తుడిస్తే నకిలీ కరిగిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. అసలు పెయింట్ కూడా కరిగిపోతుంది. వాళ్ళ మాట వినకండి.

చివరగా హెల్మెట్ వెనక్కి తిప్పండి. యూరప్ రంగంలో ఆఫీసర్లు హెల్మెట్ వెనక నిలువు తెల్ల గీత, సార్జెంట్ స్థాయివాళ్ళు అడ్డగీత వేసుకునే పద్ధతి ఉండేది. చాప్లెయిన్లందరూ ఆఫీసర్లే. ముందు సిలువ, వెనక నిలువు గీత ఉండి రెండూ ఒకే వయసు పెయింట్‌లా కనిపిస్తే మంచి సూచన. వెనక అడ్డగీత ఉందంటే అది సార్జెంట్ హెల్మెట్, సిలువ తర్వాత ఎవరో వేసింది అయ్యుండొచ్చు. చాప్లెయిన్‌కి ఒక అసిస్టెంట్ ఉంటాడు, జీపు నడిపి, టైపు కొట్టి, చిన్న ఆర్గన్ వాయించే మామూలు సైనికుడు. సిలువ ఉన్న ప్రతిదాన్నీ "అసిస్టెంట్‌ది" అని సర్దిచెప్పే అమ్మకందారు తగిలితే జాగ్రత్త.

పేరు ఎక్కడ దాక్కుంటుంది

నా దృష్టిలో సేకరణ ఇక్కడే మొదలవుతుంది. ఇప్పటిదాకా చేసింది వడపోత మాత్రమే.

లైనర్ లోపల తోలు పట్టీ వెనక, వెనకభాగం మెడ దగ్గర, చిప్ప లోపలి నడినెత్తి మీద, గడ్డం పట్టీ చివర్న వెతకండి. పూర్తి పేరు అదృష్టం ఉంటేనే దొరుకుతుంది. ఎక్కువగా కనిపించేది ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన సర్వీస్ నంబర్ చివరి నాలుగంకెలు. సైన్యంలో బట్టలు ఉతకడానికి ఇచ్చేటప్పుడు వేసే గుర్తు ఇది. ఆఫీసర్ల సర్వీస్ నంబర్ ముందు ఇంగ్లీషు అక్షరం 'ఓ' ఉంటుంది. చిప్ప లోపల సిరా కనబడకపోతే ఫోన్‌తో ఫోటో తీసి కాంట్రాస్ట్ పెంచి చూడండి. మాసిన సిరా కొన్నిసార్లు పైకి తేలుతుంది.

ఒక అక్షరం, నాలుగంకెలతో మనిషిని పట్టుకోగలమా? యూనిట్ తెలిస్తే అవకాశం ఉంది. ఒక పదాతి రెజిమెంట్‌లో సుమారు మూడు వేల మంది ఉంటే చాప్లెయిన్లు సాధారణంగా ముగ్గురు. హెల్మెట్ పక్కన డివిజన్ గుర్తు వేసి ఉన్నా, కుటుంబం యూనిట్ పేరు చెప్పినా, ఆ రెజిమెంట్ చరిత్ర పుస్తకం తీసి చాప్లెయిన్ల పేర్లు రాసుకోండి. ఆ ముగ్గురిలో అక్షరం ఎవరికి సరిపోతుందో చూడడం అరగంట పని. మధ్యలో గాయపడి మారినవాళ్ళు ఉంటారు కాబట్టి జాబితా అయిదారుగురికి పెరగొచ్చు.

రికార్డులు తీయడం

పేరు దొరికాక మొదట అందరూ వెళ్ళేది సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌కి. సర్వీస్ నుంచి బయటికొచ్చి 62 ఏళ్ళు నిండినవాళ్ళ ఫైలు ఎవరైనా అడగొచ్చు, కుటుంబసభ్యులే కానక్కర్లేదు. స్టాండర్డ్ ఫారం 180 నింపి పంపాలి. అయితే 1973 జూలై 12న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు పోయాయి. 1912 నవంబర్ నుంచి 1960 జనవరి మధ్య ఆర్మీ నుంచి బయటికొచ్చినవాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం బూడిదయ్యాయి. "ఫైలు లేదు" అని జవాబు వస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగకండి. చాప్లెయిన్ల విషయంలో ఇంకా మూడు దారులున్నాయి, వాటిలో మొదటి రెండూ మామూలు సైనికుడికి ఉండవు.

ఒకటి, చీఫ్ ఆఫ్ చాప్లెయిన్స్ కార్యాలయం సొంతంగా ఉంచుకున్న రికార్డులు. మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 247 కింద ఉన్నాయి. చాప్లెయిన్లు నెలనెలా రిపోర్టు పంపాలి: ఎన్ని ప్రార్థనలు జరిపారు, ఎంతమంది వచ్చారు, ఎన్ని అంత్యక్రియలు, ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్ళారు. అంకెలతో పాటు ఒక్కోసారి నాలుగు మాటలు కూడా రాసేవారు. ఒక మనిషి ఏ నెలలో ఎక్కడున్నాడో తేల్చడానికి ఇంతకన్నా మంచి కాగితం నాకు తెలియదు.

రెండు, ఆయన్ని పంపిన చర్చి. చాప్లెయిన్ కావాలంటే సొంత మతసంస్థ ఆమోదం తప్పనిసరి, కాబట్టి ఆ సంస్థ దగ్గరా ఉత్తరాలుంటాయి. ప్రెస్బిటేరియన్లవి ఫిలడెల్ఫియాలోని ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీలో, మెథడిస్టులవి న్యూజెర్సీలోని డ్రూ విశ్వవిద్యాలయంలో, సదరన్ బాప్టిస్టులవి నాష్‌విల్‌లో వెతకాలి. యూదు చాప్లెయిన్లయితే సిన్సినాటిలోని అమెరికన్ జ్యూయిష్ ఆర్కైవ్స్, న్యూయార్క్‌లోని అమెరికన్ జ్యూయిష్ హిస్టారికల్ సొసైటీ. కేథలిక్ ఫాదర్లయితే వాళ్ళ డయోసీస్‌కో (మేత్రాసనం), జెస్యూట్ల లాంటి సంఘానికో రాయాలి. అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీ మనకి పరాయిదేం కాదు, నెల్లూరు, ఒంగోలు మిషన్ల కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి. చాప్లెయిన్ కోసం వెళ్ళినవాళ్ళు తెలుగు మిషన్ పెట్టెల్లో పడి రోజంతా అక్కడే ఉండిపోయే ప్రమాదం ఉంది.

మూడు, యూనిట్ల మార్నింగ్ రిపోర్టులు, అంటే యూనిట్‌లో ఎవరెవరు ఉన్నారో, ఎవరు లేరో రాసే రోజువారీ కాగితాలు. ఇవి అగ్నిప్రమాదంలో పోలేదు. హెడ్‌క్వార్టర్స్ కంపెనీ రిపోర్టుల్లో ఆఫీసర్ల రాకపోకలు, గాయాలు, సెలవులు పేరుతో సహా తగులుతుంటాయి.

నేవీ చాప్లెయిన్లది వేరే కథ. మెరైన్లకి సొంత చాప్లెయిన్లు ఉండరు, నేవీ వాళ్ళే వెళ్తారు. ఇవో జిమాలో ఐదో మెరైన్ డివిజన్‌తో ఉన్న రబ్బీ రోలండ్ గిటెల్సన్, యూఎస్ఎస్ ఫ్రాంక్లిన్ నౌక తగలబడుతుంటే డెక్ మీద నిలిచి అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన ఫాదర్ జోసెఫ్ ఒకాలహన్ ఇద్దరూ నేవీవాళ్ళే. నేవీ ఫైళ్ళకి ఆ మంటలు అంటలేదు. కాబట్టి మీ హెల్మెట్ నేవీ చాప్లెయిన్‌ది అయితే పని సగం అయినట్టే.

చాప్లెయిన్ స్కూలు ఫోటోలు కూడా వెతకండి. 1942 ఆగస్టు నుంచి ఆ స్కూలు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో నడిచింది, బ్యాచ్‌ల గ్రూప్ ఫోటోలు అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో ఆర్మీ చాప్లెయిన్ మ్యూజియం ఉంది. అక్కడివాళ్ళకి రాసేటప్పుడు "ఇది అసలుదేనా, ధర ఎంత" అని అడగకండి, మ్యూజియంలు సాధారణంగా ధర చెప్పవు. ఫలానా వ్యక్తి కాగితాలు ఏమైనా ఉన్నాయా అని అడగండి.

ఫోటో అనే గట్టి సాక్ష్యం

హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఫోటో దొరికిందంటే ఇంకేం కావాలి? ఆర్మీ సిగ్నల్ కోర్ ఫోటోలు నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 111లో ఉన్నాయి, వాటిలో కొన్ని ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు. పొలాల్లో, జీపు బానెట్ మీద గుడ్డ పరిచి పూజ చేస్తున్న ఫోటోలు కొల్లలు. కేథలిక్ చాప్లెయిన్ ఎమిల్ కపాన్ జీపు మీద పూజ చేస్తున్న 1950 అక్టోబర్ నాటి కొరియా ఫోటో బాగా ప్రసిద్ధం. ఆయన 1951లో యుద్ధఖైదీగా చనిపోయారు, 2013లో మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, అస్థికలు 2021లో గుర్తించారు. కొరియాలో కూడా రెండో ప్రపంచ యుద్ధపు ఎం-1లే వాడారు. అంటే 1943లో చేసిన చిప్ప మీద 1951లో సిలువ వేసి ఉండొచ్చు, అది నకిలీ కాదు. కాలం తేల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పూజ ఫోటోల్లో ఒక చిక్కు: ఫాదర్ తలమీద హెల్మెట్ ఉండదు, పక్కనెక్కడో నేల మీద ఉంటుంది. ఫోటోని పెద్దది చేసి మూలలు కూడా చూడండి. హెల్మెట్ కనిపిస్తే సిలువ చేతుల పొడవు, వెడల్పుల నిష్పత్తి, అంచు నుంచి దూరం, పెయింట్ కారిన చుక్కలు పోల్చండి. చేత్తో వేసిన సిలువకి వేలిముద్రలా సొంత లోపాలుంటాయి, స్టెన్సిల్ సిలువకి ఉండవు.

ఎక్కడ కొనాలి, ఎలా అడగాలి

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకి ఇది చేతికందే సరదా. ఊళ్ళో పెద్దవాళ్ళు పోయాక ఇంటి సామాను అమ్మే ఎస్టేట్ సేల్స్, ఫ్లీ మార్కెట్లు, ప్రతి ఫిబ్రవరిలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో జరిగే పెద్ద సైనిక వస్తువుల ప్రదర్శన చూడదగ్గవి. నా ఓటు ఎస్టేట్ సేల్‌కి. అక్కడ హెల్మెట్ ఒంటరిగా ఉండదు. అదే ఇంట్లో ఉత్తరాలు, బైబిల్, డిశ్చార్జి కాగితం ఉంటాయి, వాటిని విడివిడిగా అమ్మేయకముందే చేరుకోవాలి. మిగతావాళ్ళు హెల్మెట్ కోసం ఎగబడతారు, మీరు చెప్పుల డబ్బాలో ఉన్న కాగితాలు కూడా అడగండి. డబ్బు తక్కువైతే హెల్మెట్ వదిలేసి కాగితాలు తెచ్చుకున్నా తప్పులేదు.

కుటుంబసభ్యులు ఉంటే ధర సంగతి ఎత్తకముందు కూర్చుని మాట్లాడండి. వాళ్ళ అనుమతితో మాటలు రికార్డు చేయండి, ఒక పేజీ ఉత్తరం రాయించి సంతకం తీసుకోండి: ఎవరిది, ఎలా వచ్చింది, ఎప్పటినుంచి ఇంట్లో ఉంది. వాళ్ళు చెప్పిందల్లా నిజం కానక్కర్లేదు, అరవై డెబ్బై ఏళ్ళలో ఇంటి కథలు పెరుగుతాయి. అయినా చెప్పింది చెప్పినట్టే రాసుకోండి, సవరణలు విడిగా పెట్టుకోండి.

హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లోనో ముంబై చోర్ బజార్‌లోనో అసలు చాప్లెయిన్ హెల్మెట్ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. అస్సాంలో, కలకత్తాలో అమెరికా దళాలు ఉన్నమాట నిజమే కాబట్టి మామూలు ఎం-1 ఎప్పుడైనా తగలొచ్చు. మన సైన్యంలోనూ పండిట్, గ్రంథి, మౌల్వీ, పాద్రీలు జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదాలో ధర్మగురువులుగా ఉంటారు, వాళ్ళ చరిత్ర మీద పనిచేసేవాళ్ళు తక్కువ, అదొక మంచి ఖాళీ. విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం ఎంతవుతుందో కొరియర్‌వాళ్ళని ముందే అడగండి, లేకపోతే పార్సిల్ ఎయిర్‌పోర్టులో ఆగినప్పుడు టెన్షన్. మన దేశం నుంచి బయటికి పంపాలంటే ఇంకో సంగతి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధపు హెల్మెట్లు ఆ గీత దాటేశాయి. పంపేముందు పురావస్తు శాఖ నుంచి స్పష్టత తీసుకోండి.

నేలలోంచి తవ్వి తీసినవి మాత్రం కొనొద్దు. ఫ్రాన్స్‌లో అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్‌తో చారిత్రక వస్తువులు వెతకడం నేరం. పైగా ఆ హెల్మెట్ పక్కనే ఇంకా ఇంటికి చేరని సైనికుడి అస్థికలు ఉండి ఉండొచ్చు. హెల్మెట్ తీసుకుపోయినవాడు ఆయన్ని గుర్తుపట్టే ఆధారం కూడా తీసుకుపోయినట్టే.

ఇంటికొచ్చాక

ఏమీ చేయకపోవడం అన్నిటికన్నా మంచి పని. నూనె పూయొద్దు, సబ్బుతో కడగొద్దు, వెలిసిన సిలువ మీద మళ్ళీ పెయింట్ వేయొద్దు. పైన ఇంకో పెయింట్ పొర ఉండి కింద సిలువ నీడ కనిపిస్తున్నా గీకొద్దు. సైన్యం హెల్మెట్లని మళ్ళీ పెయింట్ చేసి వేరేవాళ్ళకి ఇచ్చేది, ఆ పై పొర కూడా చరిత్రే. దుమ్ముని మెత్తటి బ్రష్‌తో దులపండి. పెయింట్ గట్టిగా ఉన్నచోట మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాయొచ్చు, పొరలు లేస్తున్నచోట అదీ వద్దు.

విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ళలో ఉక్కపోత అసలు శత్రువు. తోలు పట్టీకి బూజు, చిప్పకి తుప్పు, హాలీ లైనర్‌కి అట్ట ఉబ్బడం అన్నీ ఆ తేమ వల్లే. మూత ఉన్న పెట్టెలో సిలికా జెల్ సంచులు, ఒక చిన్న తేమ మీటరు పెట్టి 45-55 శాతం మధ్య ఉండేలా చూడండి. తోలు మరీ ఎండినా పగులుతుంది, కాబట్టి సిలికా జెల్ గుప్పెట్లు గుప్పెట్లు పోయకండి. బీరువాలో వేసినట్టు కలరా ఉండలు వేయొద్దు, ఆ ఆవిరి పాత పెయింట్‌కీ రెసిన్‌కీ మంచిది కాదు. గడ్డం పట్టీతో మేకుకి తగిలించకండి. లోపల యాసిడ్ లేని కాగితాన్ని ఉండలా చుట్టి పెట్టి, ఆకారం నిలిచేలా కూర్చోబెట్టండి.

ప్రతి హెల్మెట్‌కీ ఒక నంబర్ ఇచ్చి ఫైలు తెరవండి. నంబర్ హెల్మెట్ మీద రాయొద్దు, దారంతో కట్టిన అట్ట చీటీ మీద రాయండి. ఫైల్లో ఆరు వైపుల ఫోటోలు, హీట్ స్టాంప్ దగ్గరి ఫోటో, సిలువ కొలతలు, కొన్న రసీదు, కుటుంబం ఉత్తరం, ఆర్కైవ్స్ నుంచి వచ్చిన జవాబులు ఉండాలి, "దొరకలేదు" అన్న జవాబులతో సహా. ముగింపు పేజీలో మూడు వరసలు గీసుకోండి: రుజువైంది, బహుశా కావచ్చు, అమ్మినవాడు చెప్పాడు. ఒక్కో విషయాన్ని దాని వరసలోనే రాయండి. మూడో వరసలోంచి మొదటి వరసలోకి ఏదైనా మారినప్పుడు ఏ కాగితం వల్ల మారిందో, ఏ తేదీన మారిందో పక్కనే రాసి పెట్టండి.